దత్తు అన్నం మానేసిన ఏడాది

మా తమ్ముడు దత్తు చిన్నప్పుడు రైలు జంపని దాటకముందే అన్నం డబ్బా తెరిచేసేవాడు.

సెలవులిస్తే చాలు, తెనాలిలో ప్యాసింజర్ ఎక్కి రేపల్లెలో అమ్మమ్మగారింటికి వెళ్ళేవాళ్ళం. అమ్మ నిమ్మకాయ పులిహోర కలిపి, పైన వేయించిన ఊరమిరపకాయలు సర్ది, డబ్బా నా ఒళ్ళో పెట్టేది. "వేమూరు దాకా ఆగరా" అనేదాన్ని నేను. వాడు కిటికీలోంచి ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు బళ్ళు చూపించి, నేనిటు తిరిగేలోగా మూత తీసేవాడు. వాడు తింటుంటే చూసేవాళ్ళకి ఆకలేసేది. ఒకసారి ఎదుటి సీట్లో మామ్మగారు "ఎంత ఇష్టంగా తింటున్నాడో బంగారుతండ్రి!" అని తన సంచిలోంచి తేగ తీసిచ్చింది. అదీ తినేశాడు. బొద్దుగా, నవ్వుతూ, చేతులకి పసుపు అంటించుకుని ఉండే ఆ పిల్లాడే ఇప్పటికీ నా కళ్ళలో ఉన్నాడు.

నాకు పెళ్ళయి రేపల్లెలోనే కాపురం పెట్టాను. దత్తు డిగ్రీకి బాపట్ల వెళ్ళి హాస్టల్లో చేరాడు. అక్కడొక రోజు మెస్సులో రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే, ఒక సీనియర్ "తమ్ముడూ, మాక్కూడా కాస్త మిగల్చవయ్యా" అన్నాడట. మెస్సంతా నవ్విందట. వాడూ నవ్వాడట. ఆ మర్నాటి నుంచి అన్నం మానేశాడు. ఫోన్లో ఏదో వీడియోలో చెప్పినట్టు కీరా ముక్కలూ, వేడినీళ్ళూ, నిమ్మరసం. అంతే.

ఉగాదికి ఇంటికొచ్చేసరికి సగమయ్యాడు. బంధువులంతా వాడి చుట్టూ చేరారు. "హీరోలా ఉన్నావురా! ఏం చేశావేంటి?" అని ఒకరు, "మా వాడికి కూడా చెప్పు నాయనా" అని ఒకరు. సంస్కృతం మాష్టారైన మా నాన్న వెంకటరాఘవయ్యగారైతే, "చూశారా, నిగ్రహమంటే అదీ" అని మురిసిపోయి కొత్త చొక్కాలు కుట్టించారు. అమ్మ మాత్రం వాడి తలకి నూనె రాస్తూ, చేతికొచ్చిన వెంట్రుకలు చూసి, కొంగులో దాచేసింది.

ఆ వేసవిలోనే రేపల్లెలో మా కొత్త ఇంటి గృహప్రవేశం జరిగింది. భోజనాల్లో దత్తు విస్తరి ముందు కూర్చుని, పప్పు కలిపినట్టే కలిపి, ఉత్త మజ్జిగ తాగి లేచిపోయాడు. బంతులన్నీ అయ్యాక, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ, కాఫీపొడి కోసం నేను సామాన్ల గదిలోకి వెళ్ళాను.

దత్తు నేలమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు పులిహోర గిన్నె, పక్కన బూరెల పళ్ళెం. రెండు చేతులా తింటున్నాడు. నమలడం లేదు, మింగుతున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నన్ను చూసి కూడా చెయ్యి ఆగలేదు.

"అక్కా, ఆపలేకపోతున్నానే" అన్నాడు నిండిన నోటితో.

తలుపు దగ్గరగా వేసి వాడి పక్కన కూర్చున్నాను. కాసేపటికి వాడే గిన్నె అవతలికి తోసి, గోడకి తల ఆనించాడు.

"ఎప్పట్నించిరా?"

"చాన్నాళ్ళయింది. రోజంతా ఏం తినను. ఇక ఉండలేక దొరికిందల్లా తినేస్తాను. సిగ్గేసి మళ్ళీ మానేస్తాను. అందరూ బావున్నావంటుంటే ఎవరికి చెప్పను?"

వాడి చేతులు కడిగాను. మంచులా ఉన్నాయి.

నాన్నకి చెబితే ముందు నమ్మలేదు. "అన్నం మానగలిగినవాడు తినడం ఆపలేడా? నిగ్రహం సడలింది, అంతే" అన్నారు. అయినా నా మాట కాదనలేక తెనాలిలో మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి మాతో వచ్చారు. ఆవిడ దత్తుతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడి, తర్వాత నాన్ననీ నన్నూ లోపలికి పిలిచింది.

"మాష్టారూ, కాలవకి అడ్డుకట్ట వేస్తే నీళ్ళు ఊరుకుంటాయా? ఎక్కడో గట్టు తెంపుకుంటాయి. ఒళ్ళూ అంతేనండి. బాబు కడుపు మాడ్చుకోవడం, తర్వాత ఆబగా తినడం, రెండూ ఒకే జబ్బు. మీరు మెచ్చుకున్నది అందులో మొదటి సగం."

నాన్న చేతికర్ర పిడి నిమిరారు. "ఇప్పుడేం చెయ్యమంటారమ్మా?" అని అడిగారు.

"వేళకి తిననివ్వండి. పక్కన ఎవరైనా కూర్చుని తినండి. తిండి గురించి మాత్రం మాట్లాడకండి."

పూజ, సంధ్య అయితేగానీ ముద్ద ముట్టని మనిషి, హాస్టల్ మాని ఇంట్లోనే ఉంటున్న దత్తు టిఫిన్ వేళకి తన వేళ మార్చుకున్నారు. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని ఇడ్లీలు తింటూ క్రికెట్ గురించి మాట్లాడుకునేవారు. నాన్నకి క్రికెట్ తెలియదు. పేపర్లో చదివి వచ్చి కూర్చునేవారు. మందులూ, డాక్టరమ్మ దగ్గరికి తిరగడమూ కొనసాగాయి. బాగుపడ్డాడనుకున్నాక ఒకసారి మళ్ళీ మొదటికొచ్చింది. ఆ వారం అమ్మ పెట్టిన కంచం అలాగే వెనక్కి వెళ్ళేది. ఎవరూ కోప్పడలేదు.

కొన్నాళ్ళకి ఒళ్ళు తేరుకుంది. భోజనానికొచ్చిన బాబాయి ఒకాయన "ఏంటిరా, మళ్ళీ లావయ్యావు?" అన్నాడు. దత్తు మొహం వాడిపోయింది. నాన్న తల ఎత్తకుండానే, "వాడి ఒంటి గురించి మా ఇంట్లో మాట్లాడుకోం బాబూ. మజ్జిగ పోయించుకో" అన్నారు.

దత్తు ఇప్పుడు బాపట్లలోనే లెక్చరర్. మొన్న వాణ్ణి చూడ్డానికి వెళ్తే సాయంత్రం సూర్యలంక తీసుకెళ్ళాడు. పిల్లలు అలల్లో అరుస్తుంటే ఇసుకలో కూర్చున్నాం.

"ఇప్పుడు భయం లేదు కదరా?" అని అడిగాను.

"అప్పుడప్పుడూ వస్తుందక్కా. ఎవరైనా ఫోటో తీస్తే వస్తుంది. కానీ దాచుకోవట్లేదు, డాక్టరమ్మకి ఫోన్ చేస్తున్నాను."

తర్వాత వాళ్ళ కాలేజీ ప్రిన్సిపాల్ ఇంగ్లీషు ఎలా మాట్లాడతాడో అనుకరించి చూపించాడు. నాకు నవ్వాగలేదు. గాలి తిరిగింది. వాడు లేచి ప్యాంటుకంటిన ఇసుక దులుపుకున్నాడు.

"ఆకలేస్తోందే. పద, దార్లో ఏమైనా తిందాం."