హార్పర్ దొర చెల్లెలు

విజయవాడలో ఒక పాత కాలేజీ లైబ్రరీలో గంగారత్నం ఇరవై ఆరేళ్ళుగా చినిగిన పుస్తకాలకు అట్టలు కడుతోంది. కాపురం భవానీపురంలో. పుట్టింది మాత్రం బందరు పక్కన గిలకలదిండిలో, సముద్రం మీద బతికే ఇంట్లో. ఆ జూలై వానలకు లైబ్రరీ గోడ చెమ్మెక్కి, గాజు బీరువాలో ఉండే బొమ్మల ఆల్బమ్ కుట్లు వదిలేసింది. లైబ్రేరియన్ సూర్యప్రకాష్ దాన్ని పసిబిడ్డను మోసినట్టు రెండు చేతుల మీద తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

“నూట యాభై ఏళ్ళ నాటిది రత్నం గారూ. కాలవల ఇంజనీరు ఎడ్వర్డ్ హార్పర్ దొర వేసిన నీటిరంగుల బొమ్మలు. కాస్త జాగ్రత్త.”

ఇరవై మూడు బొమ్మలు. చేపలు, పీతలు, కాలవగట్టు మొక్కలు. ప్రతిదాని కిందా ‘ఇ. హార్పర్’ అన్న ఇంగ్లీషు సంతకం. గంగారత్నం చందువ చేప బొమ్మ దగ్గర ఆగిపోయింది.

“ఈ దొర ఎవరోగానీ చేపని చేత్తో పట్టుకుని చూశాడు సార్. ఈ మెరుపు నీళ్ళలోంచి తీసిన కాసేపే ఉంటది. బజారుకొచ్చేసరికి పోద్ది.”

“మీరు చెబితే ఒప్పుకోవాల్సిందే,” అని నవ్వి వెళ్ళిపోయాడాయన.

పాత పిండి జిగురు ఎండి పెళుసెక్కింది. పండుగప్ప బొమ్మ ఉన్న కాగితం కిందికి వెదురుబద్ద పోనిచ్చేసరికి, అది దానంతటదే ఊడి వచ్చింది. ఆ చేపకు ఒంటినిండా రంగులున్నాయి, తోక మాత్రం పెన్సిల్ గీతే. వెనక్కి తిప్పితే ఇంగ్లీషులో సన్నటి గొలుసుకట్టు రాత. గంగారత్నం భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క మాటా కూడబలుక్కుంది. అరగంటకు సంగతి తేలింది. ‘నాంచారమ్మ మంగళవారం తెచ్చిన చేప. కూరకి వేళయిందని తోక వేయకముందే పట్టుకుపోయింది. అన్నయ్య ఇంకా ఏలూరు కాలవ మీదే ఉన్నాడు.’

ఆమె ఆ కాగితాన్ని అట్టముక్క మీద పెట్టుకుని సూర్యప్రకాష్ గదికి నడిచింది.

ఆయన మూడుసార్లు చదివాడు. పదేళ్ళ కిందట కాలేజీ సంచికలో ఎడ్వర్డ్ హార్పర్ చిత్రకళ గురించి ఎనిమిది పేజీల వ్యాసం రాసింది ఆయనే.

“దొరకీ ఓ అన్నయ్య ఉండొచ్చుగా,” అన్నాడు మెల్లగా.

“ఆయనా కాలవ మీదే పనిచేశాడంటారా సార్?”

సూర్యప్రకాష్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఊరికే అన్నాలెండి. కానీ ఆధారం కావాలి. హార్పర్ కుటుంబం అప్పట్లో బందరులోనే ఉండేది. అక్కడి చర్చిలో పాత రిజిస్టర్లు ఉంటాయి. దొరకి చెల్లెలుండి, ఆమె సంతకం ఈ బొమ్మల మీదిదానితో కలిస్తే ఎవరూ కాదనలేరు.”

శనివారం పొద్దున్నే ఆమె బందరు బస్సెక్కింది. చర్చి వ్యవహారాలు చూసే నతానియేలుకు డెబ్బై దాటి ఉంటాయి. పాస్టరు గారికి ఫోన్ చేసి అనుమతి తీసుకుని, బీరువాలోంచి పెళ్ళిళ్ళ రిజిస్టరు దించాడు.

“మీ వాళ్ళామ్మా?”

“కాదండీ. మా ఊరి చేపల బొమ్మలేసినావిడ.”

“అయితే మీ వాళ్ళ కిందే లెక్క,” అని ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. వెంటనే పాత కాగితాలు రెపరెపలాడితే కంగారుపడి ఆపేశాడు.

ఇద్దరూ చెమటలు కక్కుతూ వెతికారు. పద్దెనిమిది వందల డెబ్బై రెండులో ఎడ్వర్డ్ పెళ్ళి కనిపించింది. ఆయన సంతకం నిటారుగా, మేకులు దిగ్గొట్టినట్టుంది. దాని కింద సాక్షి సంతకం: ఎలెన్ హార్పర్. ఆ ‘ఇ’ అక్షరం రొయ్యలా మెలి తిరిగి ఉంది. గంగారత్నం ఫోన్‌లో ఉన్న బొమ్మ సంతకం పక్కన పెట్టింది. అదే మెలిక, అదే వంపు.

“ఒకటే చెయ్యి,” అన్నాడు నతానియేలు. ఆయనకూ హుషారు పుట్టింది. “ఆగండి, ఆవిడ పెళ్ళి కూడా ఇక్కడే జరిగిందేమో.”

ఆరేళ్ళ తరువాతి పేజీలో దొరికింది. వధువు వయసు నలభై ఒకటి. వరుడు భార్య పోయిన బడిపంతులు. వాళ్ళ పేర్ల పక్కన వృత్తి రాసే గడి. గంగారత్నం పేజీలు వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది. పెళ్ళికూతుళ్ళందరికీ ఆ గడి ఖాళీ. ఎలెన్ దగ్గర మాత్రం, గుమస్తా రాత కాకుండా, ఆ రొయ్య మెలిక చేతిరాతలోనే ‘పెయింటర్’ అని ఉంది.

“నలభై ఏళ్ళుగా ఈ పుస్తకం దులుపుతున్నానమ్మా. ఒక్కసారీ చూళ్ళేదు,” అన్నాడు నతానియేలు.

గంగారత్నం ఆ రెండు పేజీలూ ఫోన్‌లో ఫోటో తీసుకుంది. గుమస్తా చేతిలోంచి కలం తీసుకున్న నలభై ఒక్కేళ్ళ మనిషి ఆమె కళ్ళకు కట్టింది. నతానియేలు వెళ్ళి రెండు నిమ్మసోడాలు తెచ్చాడు.

సోమవారం ఆ ఫోటోలు చూసి సూర్యప్రకాష్ సంతకాలు రెండూ పోల్చుకున్నాడు. తరువాత లేచి, బీరువాకి అంటించిన ఎడ్వర్డ్ పేరు చీటీని గోటితో గీకి తీశాడు.

“ఎనిమిది పేజీలు రాశానండీ ఆ మహానుభావుడి గురించి. ఆయన కుంచె పట్టాడో లేదో కూడా తెలీదు ఇప్పుడు.”

“కాలవలు తవ్వించాడుగా సార్. ఆ పేరు చాల్లెండి.”

ఆయన పగలబడి నవ్వాడు. “సవరణ వ్యాసం మీరే రాయాలి. మీ పేరు మీదే.”

“నేనా? నాకేం వచ్చు సార్?”

“చేపలొచ్చు, చేతిరాతొచ్చు. అంతకన్నా ఏం కావాలి?”

ఆ వారమంతా ఆమె నాలుగుసార్లు రాసి మూడుసార్లు చింపింది. మధ్యమధ్య మిగిలిన బొమ్మలు ఒక్కొక్కటీ ఊడదీస్తోంది. శుక్రవారం చందువ కాగితం ఊడింది. సూర్యప్రకాష్ పని వదిలేసి వచ్చి ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

“ఏం రాసింది?”

గంగారత్నం భూతద్దం సర్దుకుని చదివింది. “‘వారం నుంచి వాన. కాగితం ఆరడం లేదు. అయినా వేశాను.’”

“ఇంకోటి తీయండి,” అని ఆయన కుర్చీ లాక్కున్నాడు.