ఎల్లం ఆడాల్సిన మొదటి ఆట

సొలొమోను పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాడు. కరెంటు పదకొండింటికి వచ్చి ఒంటిగంటకు పోతుంది. ఈలోపే అల్లాదుర్గ్ నుంచి ఎల్లం రావాలి. చూడబోతే సకల జనుల సమ్మె, బస్సులు డిపో దాటి మూడు వారాలయింది.

"జర కూసోండ్రి. గాయన రాకుంటే ఏమైతది?" అంది భార్య ఎలిశిబా.

"ఆయన ఆడకుంటే మిషన్ నాది కాదే!"

ఒప్పందం అలాంటిది మరి. మెదక్ చర్చి వెనక సందులో డబ్బా టీవీలు బాగుచేసుకునే సొలొమోనుకు ఒక పిచ్చి ఉంది. రూపాయి బిళ్ల వేసి ఆడుకునే పాత వీడియో గేమ్ మిషన్లు ఎక్కడ మూలపడ్డా తెచ్చి బతికిస్తాడు. ముందు గది నిండా మూడున్నాయి. చుట్టాలొస్తే వాకిట్లోనే కూర్చోవాలి. "ఇదే ఆఖరిది" అని మూడోదాని మీద ప్రమాణం చేశాడు. పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నట్టు నెల తిరక్కుండానే నాలుగోది ఎత్తుకొచ్చాడు.

అది ఇంద్రకరణ్ అనే ఆయన కొట్టంలో దొరికింది. పదిహేనేళ్ల కింద అల్లాదుర్గ్‌లో గేమ్ షాపు నడిపినాయన. పైసలు అడగలేదు. "మంచిగ జెయ్యి. అయినంక మొదటి ఆట మా తమ్ముడు ఎల్లం ఆడాలె. గప్పుడే మిషన్ నీది," అన్నాడు. ఎందుకని సొలొమోను అడగలేదు. మిషన్ కనబడితే ఆయనకు మనుషులు కనబడరు.

ఐదు నెలలు పట్టింది. ఎలుకలు కొరికిన వైర్లు మార్చాడు. పిక్చర్ ట్యూబు కోసం కోఠి అంతా తిరిగాడు. ఒకసారి షాక్ కొట్టి గోడకు గుద్దుకుని పడ్డాడు. అవన్నీ ఓర్చుకున్నాడు కానీ, ముందు పలకను చూస్తేనే ఒళ్లు మండింది. ఏ మిషన్‌కైనా ఎడమ పక్కన ఆట నడిపే కడ్డీ, కుడి పక్కన బటన్లు ఉంటాయి. దీనికి తారుమారు. పైగా కడ్డీ కొసకు గుండ్రటి పిడి బదులు, లోపల గుడ్డ అతికించిన చెక్క గిన్నె బిగించి ఉంది. "ఏ తలకుమాసినోడు జేసిండు గిది!" అని తిట్టుకుంటూ ఆ గిన్నె పీకి పారేశాడు. బొక్కలు పూడ్చి, ఎర్రటి కొత్త సన్‌మైకా అతికించి, కంపెనీవాడు చేసినట్టే అన్నీ సరిగ్గా పెట్టాడు. గిన్నెను ఎలిశిబా బట్టల క్లిప్పులకు వాడుకుంటోంది.

పన్నెండున్నరకు ఎవరిదో బైకు వెనక కూర్చుని వచ్చి ఎల్లం దిగాడు. బక్కపలచటి మనిషి. కుడిచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. తెర వెలిగి పాత పాట మోగగానే ఆయన ముఖం కూడా వెలిగింది. సొలొమోను బిళ్ల వేశాడు. ఎల్లం ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని, కుడిచేతి తువ్వాలు తీశాడు.

మణికట్టు దాకానే ఉంది ఆ చెయ్యి.

మొండిచేత్తో ఒక బటన్ నొక్కబోతే రెండు పడుతున్నాయి. ఆటలోని మూడు ప్రాణాలూ నిమిషంలో పోయాయి.

"మస్తు జేసిండ్రు సార్. కొత్తదాని లెక్కనే ఉంది," అన్నాడు ఎల్లం, తువ్వాలు మళ్లీ చుట్టుకుంటూ. "ఆడిన గద, అన్నకు జెప్త. మిషన్ మీదే."

వెళ్లబోతూ కిటికీలో ఉన్న క్లిప్పుల గిన్నె చూసి ఆగిపోయాడు. క్లిప్పులు పక్కన పోసి, చెక్క గిన్నెలో మొండిచెయ్యి పెట్టాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది.

"చెరుకు గానుగల చెయ్యి పోయినంక ఏడాది గడప దాటలే నేను. అన్న వడ్లాయనతోని కట్టె చెక్కిచ్చి గిది జేపిచ్చిండు. అటెన్క ఆటల నన్ను కొట్టెటోడే లేకుండె సార్," అన్నాడు నవ్వుతూ.

తలకుమాసినోడు ఎవరో సొలొమోనుకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు. గడియారం చూశాడు. కరెంటు పోవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. డ్రిల్లు తెచ్చి ప్లగ్గు పెట్టాడు.

"అయ్యో, కొత్త సన్‌మైకా!" అంది ఎలిశిబా.

"చెయ్యి గీడ పెట్టు ఎల్లం. ఎంత ఎత్తుల ఉండాలె?"

"ఎందుకు సార్? మొదటి ఆట అయిపాయె గద."

"కాలే," అన్నాడు సొలొమోను, పెన్సిలుతో ఆ చేతి చుట్టూ గీత గీస్తూ. "ఇంక కాలే."

ఒంటిగంటకు కరెంటు పోయింది. ఎల్లం మాత్రం పోలేదు.