సర్వరమ్మకు అనుమతి లేదు

“మీకు అనుమతి లేదు” అంది తెర. ఆరోసారి.

సర్వరమ్మ పళ్ళు నూరింది. ఆసుపత్రి సర్వర్ల గది ఆరేళ్ళుగా ఆమె చేతిలో ఉంది. స్వీపరు నుంచి సర్జను దాకా ఎవరికీ ఆమె అసలు పేరు గుర్తులేదు. ఈ భవనంలో ఆమె తెరవలేని ఫోల్డరు ఉండకూడదు. కానీ ‘పాత రికార్డులు’ తెరుచుకోనంటోంది.

ఇంటర్‌కం మోగింది. అవతల హెడ్ నర్సు.

“సర్వరమ్మా, కాగితం ఏదీ? ఇక్కడ సర్జన్ గారు అందరినీ నమిలేస్తున్నారు.”

“ఐదు నిమిషాలు అక్కా.”

“పావుగంట నుంచీ అవే ఐదు నిమిషాలు!”

పొద్దున ఒక బస్సు డ్రైవరు స్టీరింగు మీదే స్పృహ తప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఇదే ఆసుపత్రిలో అతని మెదడులోని రక్తనాళానికి చిన్న లోహపు క్లిప్పు పెట్టారు. ఇప్పుడు లోపల చూడాలంటే ఎమ్మారై తియ్యాలి. ఆ యంత్రం పెద్ద అయస్కాంతం. క్లిప్పు టైటానియం అయితే భయం లేదు. ఉక్కు అయితే అయస్కాంతం లాగేస్తుంది, నాళం చిట్లుతుంది, మనిషి ఆ బల్ల మీదే పోతాడు. అది ఏ లోహమో ఆనాటి ఆపరేషను కాగితంలో ఉంది. కాగితం ఆ ఫోల్డర్లో ఉంది.

ఆమె మళ్ళీ హక్కుల జాబితా తీసింది. ‘అధికారులు: పూర్తి హక్కులు.’ అధికారులు ఇద్దరే. ఒకరు విమానంలో ఉన్నారు, ఫోను కలవడం లేదు. రెండో మనిషి తనే.

“నేనే కదే దరిద్రమా!” అని తెరనే తిట్టింది.

చివరికి సెల్ తీసి, తనకు ముందు ఈ కుర్చీలో కూర్చుని రిటైరైన పెద్దాయనకు ఫోన్ చేసింది.

“చెప్పమ్మాయ్, సెలూన్లో ఉన్నా. సగం గడ్డం అయింది.”

ఆమె గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. “ఫోల్డరు యాజమాన్యం నా పేర మార్చేసుకోనా గురువుగారూ? ‘పాత హక్కులన్నీ తీసేసి కొత్తవి పెట్టనా’ అని అడుగుతోంది. నొక్కేస్తాను.”

“వద్దు! అందులో నలభై వేల ఫైళ్ళున్నాయి. ఒక్కోదాని తాళం మార్చుకుంటూ పోతుంది. గంట పడుతుంది. ఎవరి రికార్డు ఎవరు చూడాలో రాసిందంతా చెరిగిపోతుంది. నిన్నటిదాకా తెరుచుకుందా?”

“శుభ్రంగా.”

“మరి నిన్న ఏం చేశావ్?”

“నేనేం చేస్తాను? కొత్తగా చేరినావిడ ఈ ఫోల్డర్లోంచి రెండు వందల ఫైళ్ళను ఎక్కడికో లాగి పడేసింది. ఒళ్ళు మండి, ‘కొత్తవాళ్ళు’ గ్రూపు మొత్తానికి నిషేధం పెట్టాను. నేను కొత్తదాన్నా ఏంటి?”

పెద్దాయన సెలూనతన్ని ఆగమన్నాడు.

“అమ్మాయ్, నువ్వు చేరిన రోజు నిన్ను ఆ గ్రూపులో పెట్టింది నేనే. తర్వాత తీయించుకున్నావా?”

ఆ విభాగంలో మనుషుల్ని గ్రూపుల్లో కలపడం అందరి పనీ. తీసేయడం ఎవరి పనీ కాదు. సర్వరమ్మ ఆ గ్రూపు జాబితా తెరిచింది. కొత్తవాళ్ళు ముగ్గురు. వాళ్ళ పైన, అందరికంటే ముందు, తన పేరు.

“సర్వరు నీ సర్వీసు చూడదమ్మా. పదిచోట్ల సరేనని ఉన్నా, ఆ ఫోల్డరు మీద ఒక్క ‘వద్దు’ పడితే అదే గెలుస్తుంది.”

ఆమె తన పేరు తీసేసింది. ఫోల్డరు నొక్కింది.

మీకు అనుమతి లేదు.

“గురువుగారూ, చంపేస్తోంది!”

“లాగౌటై మళ్ళీ రా. లోపలికి వచ్చేటప్పుడు ఇచ్చిన చీటీయే అది చూస్తోంది. కొత్త చీటీ తీసుకో.”

లాగౌట్ అయింది. తెర మీద చక్రం తాపీగా తిరగసాగింది. ఇంటర్‌కంలో ఈసారి సర్జనే.

“ఇక ఆగలేనమ్మా. క్లిప్పుతో ఏ ఇబ్బందీ ఉండదని అప్పుడే చెప్పారట, డ్రైవరు వాళ్ళావిడ అంటోంది. ఆ మాట మీదే తీసుకెళ్తున్నాను. ఇంకా ఆగితే స్కాన్ తీయడానికి మనిషి మిగలడు.”

“రెండే నిమిషాలు సార్!”

లైను తెగింది.

చక్రం ఆగింది. ఫోల్డరు తెరుచుకుంది, అసలేమీ జరగనట్టు. ఆమె డ్రైవరు నంబరు కొట్టింది. పసుపుపచ్చ కాగితం, వంకర చేతిరాత. ఆఖరి వరుసలో క్లిప్పు రకం, పక్కనే లోహం.

ఉక్కు.

ఇంటర్‌కం ఎత్తింది. బిజీ. దాన్ని అక్కడే వదిలేసి, సెల్‌తో ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని పరుగెత్తింది. రెండంతస్తుల మెట్లు దిగేసరికి ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. కింద, ఎమ్మారై గది తలుపు తెరిచి ఉంది. స్ట్రెచరు ముందు చక్రాలు గడప దాటబోతున్నాయి.

“ఆపండి! ఉక్కు! అది ఉక్కు!”

హెడ్ నర్సు స్ట్రెచరును రెండు చేతులా వెనక్కి లాగింది. సర్జను ఫొటో చూసి, నుదుటి చెమట తుడుచుకుని, “ఎక్స్‌రే గదికి తిప్పండి. ఎమ్మారైలా మెదడంతా కనిపించకపోయినా, నాళాల్లోకి రంగు మందు ఎక్కించి చూద్దాం. పరుగెత్తండి!” అన్నాడు. స్ట్రెచరు వెంట కదలబోతూ ఆమె వైపు తిరిగాడు. “ఈ ముక్క ఇంతసేపు ఎక్కడ ఆగిందమ్మా?”

సర్వరు పాడైందనవచ్చు. కొత్తావిడ మీదికి తోసేయవచ్చు.

“నా దగ్గరే సార్. తాళం వేసింది నేనే.”

ఆయన స్ట్రెచరు వెనకే వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

చేతిలోని సెల్ గురగురమంది. గురువుగారి లైను ఇంకా తెగలేదు.

“అమ్మాయ్, తెరుచుకుందా? సెలూనతను రెండో బుగ్గ ఎప్పుడని అడుగుతున్నాడు.”

ఆమె ఒంటి చెప్పుతో గోడకు చేరగిలబడింది.

“తెరుచుకుంది గురువుగారూ. గీయించుకోండి.”