నమూనా మంచం

దర్జీ మెడలో టేపు లేకుండా గడప దాటడు. అలాంటివాడు, నమూనా ఫ్లాటు చూసిన రోజు భార్య "ఒకసారి కొలవండీ" అని గిల్లితే, "వాళ్లేమనుకుంటారే, ఊరుకో" అని కసిరాడు. పడగ్గదిలో మంచం వేసినా చుట్టూ తిరిగేంత చోటు కనిపించింది మరి!

ఇవాళ కొత్తింట్లో సొంత మంచం వేస్తే తలుపు మూతపడలేదు.

"గది అదే కొలతండీ," అన్నాడు తాళాలిచ్చిన కంపెనీ గుమాస్తా తాపీగా. "అక్కడి మంచం చూపించడానికి చేయించింది. పొడవు నాలుగున్నర అడుగులే."

చొక్కా బిగుతైతే కుట్టు విప్పి వదులు చేస్తాడు దర్జీ. ఈ గోడల్లో ఎవడు మడత వదిలాడు గనక!

భార్య అతని మెడలోంచి టేపు లాగి, ఒక కొస అతని నడినెత్తిన పెట్టింది.

"ఎందుకే?"

"ఎంత ముడుచుకోవాలో చూద్దామని."