నిటారుగా నిలబడ్డ మంట

ఆ ప్రయాణంలో పొద్దున్నలన్నీ ఒకేలా గడిచాయి. హిల్డె రొట్టెలకి వెన్న రాసి కాగితంలో చుట్టేది. ఆమె భర్త లీవెన్ కారు అద్దాలు తుడిచేవాడు. కూతురు ఎల్కె వెనక సీట్లో మ్యాపు ఒళ్లో పరుచుకునేది. ఏ ఊరు వచ్చినా నేరుగా అక్కడి పెద్ద చర్చికి, కెథెడ్రల్‌కి వెళ్లి, పెద్దకొడుకు వానెస్ పేరు మీద కొవ్వొత్తి వెలిగించేవారు.

బతికున్నవాళ్ల పేరు మీద వెలిగిస్తే, ఆ మనిషి ఎటు ఉంటే మంట అటు వంగుతుంది. పోయినవాళ్ల పేరు మీదైతే వత్తి అంటుకోదు. ఆమియా అనే ఊళ్లో హిల్డె తన చిన్నకొడుకు యోరిస్ కోసం ఆరు అగ్గిపుల్లలు గీసింది. అక్కడ ఊడుస్తున్న ముసలావిడ ఆ కొవ్వొత్తిని తీసి, అంటుకోని మిగతావాటితో పాటు బుట్టలో వేసింది.

యోరిస్ పోయిన రోజు కారు నడిపింది వానెస్. తడి రోడ్డు మీద కారు జారి చెట్టుకి గుద్దుకుంది. వానెస్‌కి గీత కూడా పడలేదు. తమ్ముణ్ణి పాతిపెట్టి ఇంటికొచ్చాక, వంటింట్లో తండ్రి "వాడి బదులు నువ్వు పోవాల్సిందిరా" అన్నాడు. వానెస్ కోటు తీసుకుని వెళ్లిపోయాడు. ఏడాదిన్నర అయింది.

ఆమియాలో మంట తూర్పుకి వంగింది. మెట్జ్‌లోనూ తూర్పుకే. రైన్ నది ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో మాత్రం ఎటూ వంగకుండా నిటారుగా నిలబడింది.

"గాలి లేదేమో," అన్నాడు లీవెన్.

"గాలితో దానికేం పని?" అంది హిల్డె గోడకేసి చూస్తూ. వంటింట్లో ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమె అతని మొహం చూసి మాట్లాడలేదు.

ఎల్కె మంటని చూసింది, తర్వాత తలెత్తి పైకప్పుని చూసింది. "అమ్మా, అన్నయ్య పైనున్నాడు. గోపురం మీద."

లీవెన్ గోపురంలోకి చుట్లు తిరుగుతూ ఎక్కే మెట్ల తలుపు వైపు పరుగెత్తాడు.

"మూడొందల మెట్లు నాన్నా! నీ మోకాళ్లతో ఎక్కలేవు, నేను వెళ్తా."

"వద్దు. ఆ మాట అన్నది నేను."

వానెస్ పైన పిట్టగోడకి అవతల, కాళ్లు వేలాడేసి కూర్చుని ఉన్నాడు. "దగ్గరికి రాకు," అన్నాడు.

"రాలేనురా. ఊపిరి అందట్లేదు." లీవెన్ అక్కడే రాళ్ల మీద కూలబడ్డాడు.

"నువ్వన్నది నిజమేగా నాన్నా."

"కాదు. ఆ రోజు ఎవర్నో ఒకర్ని చావగొట్టాలనిపించింది. ఎదురుగా నువ్వున్నావు."

వానెస్ తల తిప్పి తండ్రిని చూశాడు. "అమ్మ?"

"కింద, నీ కొవ్వొత్తి ముందు. నువ్వు లేకుండా దిగి ఆమెకి మొహం చూపించలేనురా."

కింద హిల్డె మంట చుట్టూ రెండు చేతులూ అడ్డుపెట్టి కూర్చుంది. ఎల్కె ఆమె భుజం పట్టుకుంది. కొంతసేపటికి మంట కొన కదిలింది. ఒక చుట్టు తిరిగింది, మళ్లీ ఇంకో చుట్టు.

"దిగుతున్నాడమ్మా," అంది ఎల్కె.

తలుపు దగ్గర హిల్డె కొడుకుని కరుచుకుంది. అతను చేతులు ఎత్తలేదు. ఆమె అలాగే చాలాసేపు ఉండి, ఆ తర్వాత లీవెన్ మొహంలోకి చూసి, "నీళ్లు తాగు," అంది.

కారులో వెనక ఆ కిటికీ పక్కన వానెస్, ఈ కిటికీ పక్కన ఎల్కె కూర్చున్నారు. యోరిస్ కూర్చునే మధ్య చోటు వదిలేశారు. లీవెన్ బండి స్టార్ట్ చేశాడు.

"మెల్లగా నడుపు నాన్నా," అన్నాడు వానెస్.