చిన్న అక్షరాల ఫోల్డరు

గొంతు ఆపరేషన్ తర్వాత ఇక మాట రాదని డాక్టరు ముందే చెప్పేశాడు. అందుకే బావ, ఇంకా మాటలు రాని పాప కోసం, పాత కంప్యూటర్లో కథలు చదివి దాచాడు. అక్క స్కూలు పిల్లలకి ఎక్కాలూ పాఠాలూ కథల్లా చెప్పి రికార్డు చేసేదీ అందులోనే. ఇద్దరూ ఎవరి ఫోల్డరుకి వాళ్లు 'కథలు' అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టారు. అక్క మొదటి అక్షరం పెద్దది కొట్టింది, బావ అన్నీ చిన్నవే కొట్టాడు. లోపలి ఫైళ్లకి రెండింట్లోనూ ఒకటి, రెండు అంటూ అంకెలే పేర్లు.

పాత మెషీనుకి పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. దాని బదులు కొన్న కొత్త లాప్‌టాప్‌కి రెండూ ఒకటే. ఫైళ్లు మార్చే పని నెత్తినేసుకున్న తమ్ముడికి ఈ సంగతి తెలియక కాదు, కంప్యూటర్లే అతని ఉద్యోగం. అన్నీ కాపీ చేసి, పాత ఫోల్డర్ల, ఫైళ్ల పేర్లనీ కొత్తవాటి పేర్లనీ పోల్చే చిన్న ప్రోగ్రాం రాశాడు. అక్షరాల తేడాలు కుప్పలుగా వచ్చిపడేసరికి విసుగెత్తి, పోల్చేముందు అన్నింటినీ చిన్న అక్షరాల్లోకి మార్చేశాడు. పాతవాటిలో ప్రతిదానికీ జత దొరికింది. రెండు పాతవాటికి ఒకే జత దొరుకుతోందేమోనని చూడాలని తట్టలేదు. కాలరెగరేసి, పాత డిస్కు తుడిచేశాడు.

బావ ఆపరేషనయి ఇంటికొచ్చాక, అక్క పాపని ఒళ్లో పెట్టుకుని మొదటి కథ నొక్కింది. ఏడో ఎక్కం వినిపించింది. రెండోది నొక్కితే ఎనిమిదో ఎక్కం.

"ఇది నా గొంతేరా," అంది అక్క.

అతనికి తల తీసేసినట్టయింది. బావ ఫైళ్ల మీద అక్క ఫైళ్లు పడ్డాయని నీళ్లు నములుతూ చెప్పాడు.

"తుడిచేముందు ఒక్కటైనా విన్నావా?"

"లేదక్కా. పేర్లే చూశాను."

తిట్టినా బాగుండేది. అక్క చాలాసేపు పాప తల నిమిరి, "మా పెళ్లిలో మీ బావలా మాట్లాడి అందర్నీ నవ్వించావుగా. అలా ఒకసారి మాట్లాడు," అంది.

అతను బావ వైపు చూశాడు. బావ కానిమ్మన్నట్టు తలూపాడు.

"అనగనగా ఒక రాజు," అన్నాడు అతను, అచ్చం బావ బొంగురు గొంతుతోనే.

పాప తల తిప్పి అతన్ని చూసి, చేతులు చాచింది.