రెండో శ్రేణి నృత్య దర్శకురాలు

నెరేయిదా బకెట్లో చెయ్యి ముంచి వేదిక మీద నీళ్ళు చిలకరించింది. రాత్రి దీపాల వెలుగులో ఎలా ఉంటుందో గాని, పగలు చూస్తే ఆ క్యాబరే వేదిక వట్టి సిమెంటు గచ్చు. జిగేలుమనే తెరలకి పగలు అతుకులు కనిపిస్తాయి. బల్లల మీద బోర్లించిన కుర్చీల మధ్య పిల్లి ఒకటి తిరుగుతూ ఉంటుంది. నీళ్ళు చల్లకపోతే, నలుగురు అమ్మాయిలు గిరగిర తిరిగేసరికి దుమ్ము లేచి ఊపిరాడదు. ఊడ్చే మనిషి మానేసి మూడేళ్ళయింది. సాంటియాగోలో పదింటికే ఎండ కొండలు దిగి నెత్తి మీద కూర్చుంటుంది. చల్లిన నీళ్ళు చూస్తుండగానే ఇంకిపోతాయి.

ఆమెకు యాభై రెండేళ్ళు. సన్నటి మెడ, వెడల్పాటి పాదాలు, కుడి తుంటిలో ఎప్పుడూ సలుపు. ఇరవై మూడేళ్ళుగా ఈ వేదిక మీద ఆడిన ప్రతి నృత్యమూ ఆమె కూర్చిందే. జీతం మాత్రం ఒకటి కూర్చినా అంతే, పది కూర్చినా అంతే. కాగితాల మీద ఆమె రెండో శ్రేణి. మొదటి శ్రేణి ఇవ్వాలంటే రాజధాని హవానా నుంచి పరీక్షకులు వచ్చి చూడాలి. ఆరేళ్ళుగా వాళ్ళు వస్తూనే ఉన్నారు, ఇంకా చేరలేదు. ఆదివారాలు పదిహేనో పుట్టినరోజు జరుపుకునే ఆడపిల్లలకి ఆ రోజు ఆడే వాల్ట్జ్ నాట్యం నేర్పితే, ఇంటివాళ్ళు వంటనూనె సీసానో, రెండు సబ్బులో, ఒక్కోసారి బతికున్న కోడినో చేతిలో పెడతారు. ఇల్లు గడిచేది దానితోనే.

ఇరవై తొమ్మిదో ఏట ఆమె కూడా దేశం విడిచి వెళ్ళిపోయేదే. మెక్సికోలో నర్తకిగా ఒప్పందం వచ్చింది. అదే నెలలో ఇక్కడ నృత్య దర్శకురాలి పదవీ వచ్చింది. "ఇంక నువ్వు చెమటోడ్చక్కర్లేదే. నీ మాట మీద పదిమంది ఓడుస్తారు," అని అమ్మ మురిసిపోయింది. నెరేయిదా ఉండిపోయింది. ఆ పదవి ఎక్కినవాళ్ళకి పైకీ కిందికీ కూడా మెట్లు లేవని తర్వాత తెలిసింది. బయటి దేశాలవాళ్ళకి కావలసింది ఆడే కాళ్ళు. ఆడించే మనిషిని ఎవరూ తీసుకుపోరు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు ముప్పై మంది దాకా మెక్సికోలో కాంకూన్‌లోనో ఇస్తాంబుల్‌లోనో ఉన్నారు. కొత్త సంవత్సరానికి ఫొటోలు పంపుతారు.

ఈరోజు కాంకూన్ హోటలు మనిషి వస్తున్నాడు. "ఈసారి వాళ్ళకి డాన్స్ టీచర్ కూడా కావాలటే," అని మేనేజరు ఒస్మానీ వారం కిందటే ఆమె చెవిన వేశాడు. అందుకే నెరేయిదా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుంది. పాత కార్యక్రమాల కరపత్రాలూ, పత్రికల్లో తన పేరు పడిన ముక్కలూ ఒక ఫైల్లో వరసగా సర్దుకుంది.

ఆయన పదకొండింటికి వచ్చాడు. పేరు బాల్డోమేరో. పొట్టి మనిషి, మెత్తటి మాట, చేతిలో చెమట తుడుచుకునే రుమాలు. నలుగురు అమ్మాయిలూ ఆడారు. పాట ఆగాక ఆయన చప్పట్లు కొట్టాడు.

"నలుగురూ కావాలి. ముందు ఆ పొడుగమ్మాయి."

పొడుగమ్మాయి పేరు యుదెల్కిస్. నాలుగేళ్ళ కిందట వచ్చినప్పుడు నడవడమే రాదని అందరూ నవ్విన పిల్ల.

నెరేయిదా ఫైలు అందించింది. ఆయన రెండు పేజీలు తిప్పాడు.

"మీ వయసెంతమ్మా?"

"యాభై రెండు."

"పని బాగుంది. నిజంగానే అంటున్నా. కాని మాకు అక్కడ మనిషున్నాడు. వీడియో చూపిస్తే చాలు, ఏదైనా నేర్పించేస్తాడు." ఫైలు జాగ్రత్తగా మూసి వెనక్కిచ్చాడు. "ఎదురునుంచి మొత్తం ఒకసారి వీడియో తీసుకుంటాను. అభ్యంతరం లేదుగా?"

ఒస్మానీ ఆమెను తెర పక్కకి పిలిచాడు. "తీసుకోనియ్యవే. నీదేం పోయింది?"

"నాదే కదా పోయేది."

"కాదంటే పిల్లల్ని కూడా వద్దంటాడు. యుదెల్కిస్ వాళ్ళమ్మ సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. ఆవిడ మంచాన పడి ఏడాదైంది. మందులు బయటినుంచే రావాలి. నెరేయిదా ఒక కుర్చీ దించుకుని కూర్చుంది. "తీసుకోండి," అంది.

అమ్మాయిలు ఫోను ఎదుట మళ్ళీ ఆడారు. రెండో భాగంలో యుదెల్కిస్ ఎడమ భుజం ముందే దించేసింది. రెప్పపాటు ముందు. చూసేవాళ్ళకి తెలిసే తప్పు కాదు. కాని అది వీడియోలో అలాగే ఉండిపోతుంది. అక్కడి మనిషి దాన్నే నేర్పుతాడు. పోనీ, వంకరదే పోనీ, వాళ్ళకి అదే చాలు అనుకుంది నెరేయిదా. అనుకుందే గాని, కుర్చీలో నిలవలేకపోయింది.

"ఆపండి."

వేదికెక్కింది. "ఏమే, బరువు దింపుకున్నట్టు దించేస్తావేం? డప్పు మోగనీ. ఆ మోత చచ్చాక దించు." తుంటి సలుపుతుండగానే తను చేసి చూపించింది, ఒకసారి, ఇంకోసారి. ఇటు తిరిగి చూస్తే బాల్డోమేరో ఫోను ఆమె వైపే ఉంది.

"ఇదీ ఉంచుకుంటాను," అన్నాడాయన మెచ్చుకోలుగా. "మావాడికి పనికొస్తుంది."

రెండోసారి తీసినప్పుడు ఎక్కడా తప్పు రాలేదు.

హవానా బస్సు నాలుగింటికి, అక్కణ్ణుంచి కాంకూన్‌కి విమానం. అమ్మాయిల మూటలు పొద్దున్నుంచే సిద్ధంగా ఉన్నాయని నెరేయిదాకి అప్పుడు తెలిసింది. ముగ్గురు ఆమె బుగ్గలు ముద్దాడి, ఏడ్చి, నవ్వి పరుగెత్తారు. యుదెల్కిస్ ఆగింది.

"టీచర్, అక్కడ ఎవరైనా అడిగితే ఈ డాన్సు మీరు కూర్చిందని చెప్తా."

"ఎవరూ అడగర్లే."

"అడక్కపోయినా చెప్తా."

"చెప్పి పని పోగొట్టుకోకు. ముందు మీ అమ్మకి మందులు పంపు." పిల్ల కాలరు సరిచేసింది నెరేయిదా. "వేళకి తిను. వెళ్ళింక, బస్సు నీకోసం ఆగదు."

ఆ అమ్మాయి మెట్లు దిగిపోయింది.

ఒస్మానీ ఒక కాగితం తెచ్చిచ్చాడు. నాలుగు కొత్త పేర్లు. "రేపు పదింటికి వస్తారు. మొదట్నించీ నేర్పాల్సిందే."

"సరే," అంది నెరేయిదా.

తాళం వెయ్యడానికి అలంకరణ గదిలోకి వెళ్ళింది. అద్దం పక్కన మేకుకి యుదెల్కిస్ సాధన చేసే లంగా వేలాడుతోంది. సన్నటి నడుముకి సరిపోయేలా రెండు పక్కలా బిగించిన పిన్నీసులు ఇంకా పెట్టినచోటే ఉన్నాయి, వాటి చుట్టూ మడతపడ్డ గుడ్డ చెమటకి చెమ్మగానే ఉంది.